శుభ్రంగా పట్టుకు రామ్మా

వకుళను కొన్నాళ్ళుగా ఒకటే సందేహం తొలుస్తోంది. ఈ క్రిములు ఎక్కడ కలుస్తున్నాయి?

పల్నాడులో ఒక చిన్న ఊళ్ళో, డాక్టర్ మరియన్నగారి ఆసుపత్రిలో పని నేర్చుకుందామని చేరిన కొత్త డాక్టరు ఆమె. ఏ క్రిమి వల్ల జబ్బు వచ్చిందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి రోగుల మూత్రాన్ని కల్చర్ పరీక్షకు పట్నం పంపేవాళ్ళు. చాలావాటికి ఒకే జవాబు వచ్చేది. "రకరకాల క్రిములు కలిసి పెరిగాయి. ఏదీ తేలదు. మళ్ళీ పంపండి."

వకుళ సీసాలు మార్పించింది. ఎండకు పాడవుతున్నాయేమోనని ఐసు పెట్టెలో పంపింది. ఓసారి తనే బస్సెక్కి ల్యాబుకు వెళ్ళి, వాళ్ళు చేసేదంతా పక్కన నిలబడి చూసొచ్చింది. ఎక్కడా తప్పు కనబడలేదు.

అలాంటప్పుడు ఈశ్వరి వచ్చింది. మిరప కోతలకు వెళ్ళే మనిషి, నిండు గర్భిణి. మూత్రంలో మంట. మొదట ఇచ్చిన మందు పనిచేయలేదు. ఏ క్రిమో తెలియకుండా ఇంకోటి వేయాలంటే వకుళకు భయం. తీరా చూస్తే ఆమె రిపోర్టు కూడా అలాగే వచ్చింది.

"శుభ్రంగా పట్టమని చెప్పానా లేదా?" వకుళ గొంతు పెరిగింది.

"శుభ్రంగానే పట్టానమ్మా," అంది ఈశ్వరి తల దించుకుని.

"చూడండి సార్. చెప్పిన మాట వినరు."

పక్క కుర్చీలో ఉన్న మరియన్నగారు లేచారు. కొత్త సీసా ఒకటి తీసి వకుళ చేతిలో పెట్టారు.

"శుభ్రంగా పట్టుకు రామ్మా."

"నేనా?"

"నువ్వే. వాళ్ళు వెళ్ళే బాత్‌రూమ్‌లోనే."

వకుళ వెళ్ళింది. తలుపు గడియ నిలవలేదు. ఒక చెయ్యి తలుపుకే సరిపోయింది. రెండో చేతిలో సీసా. మూత ఎక్కడ పెట్టాలి? గూడు లేదు, నేలంతా తడి. మూతను పళ్ళ మధ్య పెట్టుకుంది. చెంబు కోసం వంగబోయి, అలాగే ఆగిపోయింది. కడుపుతో ఉన్న మనిషి ఇక్కడ ఎలా వంగుతుంది?

ఖాళీ సీసాతోనే బయటికొచ్చి ఈశ్వరి పక్కన బల్ల మీద కూర్చుంది.

"ఎలా పట్టావో నాకు కాస్త చెప్పవూ?"

ఈశ్వరి బెదురుగా చూసింది. "శుభ్రంగా అన్నారుగా అమ్మా. సీసాను కుళాయి కింద బాగా కడిగి, కొంగుతో లోపలంతా తుడిచి మరీ పట్టా."

వకుళకు నవ్వు రాలేదు. ఆమెను డాక్టర్లు వాడుకునే బాత్‌రూమ్‌కు తీసుకెళ్ళి, తలుపు బయట నిలబడింది.

"సీసా కడగొద్దు, లోపల వేలు తగలనివ్వొద్దు. ముందు నువ్వు నీళ్ళతో కడుక్కో. మొదట కొంచెం వదిలెయ్. మధ్యలో వచ్చేదే పట్టు."

"ఇంతేనా?" అంది ఈశ్వరి లోపల్నుంచి.

ఈసారి రిపోర్టులో ఒక్క క్రిమే ఉంది. దానికి సరిపడే మందు, కడుపులో బిడ్డకు హాని చేయనిది, దొరికింది. మంట తగ్గిందని ఈశ్వరి నవ్వుతూ వచ్చి చెప్పి వెళ్ళింది.

ఆమె గేటు దాటేదాకా చూసి, వకుళ మరియన్నగారి వైపు తిరిగింది.

"మీకు ముందే తెలుసు కదా సార్. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పానమ్మా," అన్నారాయన. "నువ్వు చేరిన రోజే చెప్పాను, శుభ్రంగా పట్టించమని."