పైడమ్మ దాచిన నీళ్ళు

అనగనగా ఒక ఊళ్ళో కాదు చిట్టీ, ఊరికి పైనున్న కొండమీద ఒక మడుగు. మడుగు కింద, నీళ్ళతో కరెంటు తీసే మిషను. దాన్ని చూసుకునేది పైడమ్మ.

కింద ఊరిని రోజూ మోసేవి మూడు. బొగ్గు మిషను, గాలి మరలు, సోలారు పలకలు. పైడమ్మ మిషను మాత్రం బరువెత్తుకోకుండా ఊరికే తిరిగేది. పూర్వం పల్లకీ పక్కన మారు బోయీ ఉత్తచేతుల్తో నడిచేవాడే, అలాగ. ఒక బోయీ కాలు తడబడితే వాడు టక్కున భుజం పెట్టాలి. లేదంటే బరువు మిగతావాళ్ళమీద పడి, ఒకరి వెనక ఒకరు కూలబడతారు. ఊళ్ళోవాళ్ళకి అదెక్కడ తెలుసు? తిని కూర్చునే మిషను అనేవాళ్ళు.

అప్పుడు పైడమ్మ కూతురికి నెలలు నిండకుండా పిడికెడంత ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రిలో గాజు పెట్టెలో పెట్టారు. ఆ పెట్టెకి వెచ్చదనం కరెంటుదే. పైడమ్మ ఇంకా మనవరాలి మొహం చూడలేదు.

ఒకనాడు రైసుమిల్లు నాయుడు కొండెక్కాడు. "ఆ నీళ్ళలా కట్టీసి ఏటి సేత్తావే? వదిలితే నా మిల్లు ఇంకాస్త ఆడతాది."

"సుట్టాలకని ఉంచిన గుప్పెడు బియ్యం ముందే వండీసుకుంటే, పొద్దుగూకి వచ్చినోళ్ళకి ఏటెట్టగలను బాబూ?" అంది పైడమ్మ.

ఆ తర్వాత తిరనాళ్ళవాళ్ళు వచ్చి, రంగులరాట్నానికి ఇంకా దీపాలు కావాలన్నారు. వాళ్ళకీ ఇవ్వలేదు. పిసినారి ముసల్దని తిట్టుకుంటూ దిగిపోయారు.

ఆ తర్వాత అల్లుడు సింహాద్రి వచ్చాడు. "అత్తా, పిల్ల కళ్ళు తెరిసింది. ఓపాలి వచ్చి సూసెళ్ళు. మిషను కాళీగానే ఉంది గదా."

పైడమ్మ మనసు కరిగిపోయింది. చెప్పులు వేసుకుని గడప దాకా వచ్చింది. అప్పుడు గాజు పెట్టె గుర్తొచ్చింది, చెప్పులు విడిచేసింది. "నాను సూడకపోతే పిల్లకేటీ అవదు నాయనా. సలేస్తేనే కష్టం" అని కళ్ళు తుడుచుకుని మిషను దగ్గర కూర్చుంది.

అల్లుడు కొండ దిగాడో లేదో, బొగ్గు మిషను ఢామ్మని ఆగిపోయింది. పొద్దు వాలింది కాబట్టి సోలారు పలకలు లేవలేదు. గాలి మరలు ఒక్కటే మోయలేక మూలిగాయి. పైడమ్మ మడుగు గేటు తిప్పేసింది. నీళ్ళు దూకాయి, మిషను భుజం పెట్టింది. ఊళ్ళో దీపాలు ఒక్కసారి రెప్పవేసి నిలబడ్డాయి. మిల్లు ఆడుతూనే ఉంది, రాట్నం తిరుగుతూనే ఉంది, పాపాయి వెచ్చగా బజ్జునే ఉంది.

మర్నాడు బొగ్గు మిషను లేచింది, పైడమ్మకి మారుమనిషీ వచ్చాడు. రాత్రి దీపాలు నిలబెట్టింది పైడమ్మ దాచిన నీళ్ళేనని తెలిసి, ఊరు ఊరంతా డప్పులు కొట్టుకుంటూ కొండెక్కి, పైడమ్మని పల్లకీలో కూర్చోబెట్టి మనవరాలి దగ్గరికి మోసుకెళ్ళింది. ముందు భుజం పెట్టింది మిల్లు నాయుడే. పల్లకీ పక్కన ఒకడు ఉత్తచేతుల్తో నడిచాడు. వాణ్ణి ఎవరూ సోమరి అనలేదు.

కథ పోయె కంచికి, వెలుగొచ్చె ఇంటికి,
కునుకొచ్చె కంటికి, జోల మన చంటికి.