మాణిక్యాంబ వేసిన కుప్ప

ప్రశ్న అడిగినవాళ్ళకు సాంబమూర్తి గారు జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. గోదావరి లంకలో, అరటితోటల మధ్య ఆయన ఆశ్రమం. పనికి జడిసి సగంమంది రెండో ప్రశ్న అడిగేవారు కారు.

మాణిక్యాంబకు అరవై తొమ్మిదేళ్ళు. బడికి వెళ్ళినది కాదు. పొట్లం కాగితాలు చూసి అక్షరాలు కూడబలుక్కుంది. పన్నెండేళ్ళుగా వారం వారం పడవలో గోదావరి దాటి వచ్చి ఆయన దగ్గర పాఠం చెప్పించుకుంటోంది. ఈమధ్య ఏదీ నిలవడం లేదు. ఆ ఉదయం అందరి ముందూ శ్లోకం అప్పజెబుతూ మూడో పాదం దగ్గర ఆగిపోయింది. ఎవరో అందించారు. అందించిన మాట కూడా ఆమెకు కొత్తగానే వినబడింది.

"అలిసిపోయాను అయ్యగారూ. నిలవని చదువు ఎందుకు? ఇక రాను," అంది.

"రాకపోదువుగానిలే. ఒక ఎరువు కుప్ప వేసి, అది మాగేదాకా ఇక్కడే ఉండి, అప్పుడు వెళ్ళు," అన్నారాయన.

గెలలు కోసేశాక పడి ఉన్న అరటి బోదెలు, ఎండుటాకులు, వంటింటి తొక్కలు, మధ్యమధ్య పచ్చి పేడ. అన్నీ నరికి, తడిపి, నడుమెత్తు కుప్ప వేసి గోనెలు కప్పింది. నడిమధ్యన ఒక ఇనుప కమ్మీ గుచ్చింది. నాలుగో రోజున కమ్మీ లాగి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

"లోపల నిప్పేమైనా పడిందా అయ్యగారూ?"

"నిప్పు కాదు, కంటికి ఆనని జీవులు. మన చెయ్యి కాలేచోటే వాటి కాపురం. ఆ వేడిలోనే తింటాయి, పెరుగుతాయి."

తింటాయన్న మాట మాణిక్యాంబకు నచ్చలేదు. మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రం గోనె ఎత్తి, కుప్ప కెలికి, తను వేసినవి ఉన్నాయో లేవో చూసుకునేది. ఇది పనసాకు, ఇది బొప్పాయి తొక్క, అని పేరుపేరునా పలకరించి మళ్ళీ కప్పేది. వారం తిరక్కుండా కమ్మీ చల్లబడింది.

వంట చేసే సూరాయమ్మ చూసి నవ్వింది. "పొదుగుతున్న కోడిని పూటపూటా లేపి గుడ్లు చూసుకుంటే పిల్లలు దిగుతాయా అత్తా?"

సాంబమూర్తి గారు పార అందుకున్నారు. ఆయనకూ ఎనభై దగ్గర పడుతున్నాయి. రెండు పారలకొకసారి ఆయాసం తీర్చుకుంటూ కుప్పంతా తిరగవేసి, నీళ్ళు చిలకరించి, గోనెలు కప్పారు. "ఇక కమ్మీ తప్ప ఏదీ ముట్టకు," అన్నారు.

ఆ తరవాతి రోజులు ఆమెకు గడవలేదు. చూడకపోతే ఏమేం వేసిందో మరిచిపోతానని బెంగ. కమ్మీ మాత్రం మళ్ళీ చేతిని కాల్చసాగింది.

మూడు వారాలకు గోనె తీయమన్నారు. ఆవిరి గుప్పున లేచింది. మాణిక్యాంబ మోకాళ్ళమీద కూర్చుని వెతికింది. పనసాకు లేదు, బోదె నార లేదు. అంతా ఒకటే నల్లటి మెత్తటి మన్ను. వేసినవాటిలో కొన్నింటి పేర్లు కూడా తట్టలేదు.

"ఒక్కటీ మిగల్లేదు అయ్యగారూ. నా బుర్రలాగే ఉంది," అంది.

అంతలో పక్క లంక నుంచి ఇద్దరు ఆడవాళ్ళు ఖాళీ గంపతో వచ్చారు. వాళ్ళ కుప్ప నెల్లాళ్ళుగా చల్లగా పడి ఉందట, ఆకులు ఆకులుగానే ఉన్నాయట. గురువుగారి కుప్పలోంచి కాస్త ఇస్తే పాలకు తోడులా కలుపుకుంటామన్నారు.

"నాది ఆరిపోయింది. ఈవిడను అడగండి," అన్నారాయన.

మాణిక్యాంబ కంగారుపడింది. "ఏముందని ఇవ్వను? ఇందులో ఒక్క ఆకు కనబడదు."

సాంబమూర్తి గారు పారమీద ఆనుకుని ఊపిరి తీసుకున్నారు.

"ఆకులు వాళ్ళకూ ఉన్నాయమ్మా," అన్నారు. "చల్లారకముందే గంప నింపు."