చప్పట్లకు పగిలిన గొట్టాలు

గుట్టకోట రాజు విజయకేతు వర్మగారికి ఆ ఏడు ఓ కొత్త ముచ్చట పుట్టింది. తోటలో జలయంత్రం నీళ్లు ఎగజిమ్ముతుండాలి, తను చప్పట్లు కొట్టగానే ఠక్కున ఆగిపోవాలి.

కొండమీది మడుగు నుంచి తోటదాకా మట్టి గొట్టాలు వేశారు. చప్పట్లు వినబడగానే తోట పనిచేసే పైడమ్మ తూము పలకని ధబీమని దించేది. నీళ్లు ఆగేవి, రాజుగారు మురిసిపోయేవారు. మరుక్షణం గొట్టం ఢామ్మని పగిలేది. మూడుసార్లు వేశారు, మూడుసార్లూ అంతే.

గొట్టాల కొలతలిచ్చింది ఆస్థాన శిల్పి దండపాణి శాస్త్రిగారు. సగం రోజు మీసం దువ్వుకోవడానికే సరిపోయే మనిషి, తన లెక్క తప్పని ఒప్పుకుంటాడా?

"నీళ్లు నింపి, మూడు రోజులు నిలవుంచి, వాటి బరువు లెక్కగట్టే గొట్టం మందం చెప్పాను ప్రభూ. కుమ్మరి గురవయ్యే పైపైన కాల్చి మోసం చేశాడు."

రాజుగారు మండిపడ్డారు. పొద్దుగూకేలోగా గురవయ్య రాజ్యం దాటిపోవాలన్నారు. ముసలాయన పగిలిన పెంకొకటి పట్టుకుని, బాగానే కాలింది చూడండని అందరికీ చూపించసాగాడు.

 పలక దించినప్పుడల్లా గొట్టం ఎంత అదిరిపోతుందో పైడమ్మ చేతికి తెలుసు. కానీ తప్పు చప్పట్లదని రాజు మొహం మీద చెబితే తల మిగులుతుందా?

"మహాప్రభూ, ఓ చిన్న పరీక్ష," అంది వినయంగా. "ఆ తోట గోడల సందులో నలభై మంది పల్లకీ బోయీలు వరసగా పరిగెత్తాలి. తమరు చప్పట్లు కొట్టగానే ముందున్నవారు ఆగాలి. ముందెవరుండాలో శాస్త్రిగారే చెప్పాలి."

"నేనుండగా ఇంకెవరు? బోయీల వెనక నిలబడతానా?" శాస్త్రిగారు తలపాగా సర్దుకుని ముందుకొచ్చారు.

మొదట అందరూ కదలకుండా నిలబడ్డారు.

"వెనకాల బరువేమైనా తెలుస్తోందా బాబయ్యా?" శాస్త్రిగారిని అడిగింది పైడమ్మ.

"ఇసుమంత కూడా లేదు."

పరుగు మొదలైంది. రాజుగారు చప్పట్లు కొట్టారు. శాస్త్రిగారు ఠక్కున ఆగారు. వెనకున్న నలభై మందీ ఆగలేకపోయారు. తలపాగా గోడ అవతల పడింది, శాస్త్రిగారు బోయీల కింద పడ్డారు.

"ఎంత బరువు పడింది శాస్త్రీ?" పొట్ట పట్టుకుని నవ్వుతూ అడిగారు రాజుగారు.

"లెక్కకి అందలేదు ప్రభూ," అని కింద నుంచి సన్నగా వినబడింది. "ఏనుగు గుద్దినట్టుంది."

"నీళ్లూ అంతే దొరా," అంది పైడమ్మ. "నిలబడ్డప్పుడు లెక్కగట్టిన బరువు వేరు, పరుగులో ఆపితే తగిలే దెబ్బ వేరు. ఆ దెబ్బే గొట్టం తింటోంది."

రాజుగారి నవ్వు ఆగిపోయింది. "ఆపమన్నది నేనేగా. అయితే తప్పెవరిది?"

పైడమ్మ వంగి దణ్ణం పెట్టింది.

"తప్పు నీళ్లది ప్రభూ. తమరి చప్పట్లు వినగానే హడలిపోయి ఒక్కసారిగా ఆగిపోతున్నాయి. నిదానంగా ఆగినా తమరేమీ అనుకోరని వాటికో మాట సెలవియ్యండి."

రాజుగారు ఆమెకేసి చూశారు. మీసం కింద నవ్వు మళ్లీ మొలిచింది. పగిలిన చోట గురవయ్య దగ్గర మిగిలిన మరో గొట్టం వేయించి, జలయంత్రం దగ్గరికి వెళ్లి గంభీరంగా, "తొందరేం లేదు, మెల్లగానే ఆగండి," అని చెప్పి చప్పట్లు కొట్టారు.

పైడమ్మ ముప్పై లెక్కపెడుతూ పలకని నెమ్మదిగా దించింది. నీళ్లు తగ్గి తగ్గి ఆగాయి. గొట్టం చెక్కుచెదరలేదు. గురవయ్య పైడమ్మ చేతులు పట్టుకుని ఏడ్చేశాడు.

రాజుగారు గురవయ్య శిక్ష రద్దుచేసి ఇంటికి వెళ్లమని చెప్పి, తన బంగారు కడియం తీసి పలక దించిన ఆ చేతికే తొడిగారు. ఆనందం పట్టలేక మళ్లీ చప్పట్లు కొట్టబోయారు.

శాస్త్రిగారు ఒక్క గెంతులో గోడెక్కి కూర్చున్నారు.