ముగ్గురి వంతు మాత్రలు

జీడితోటల నడుమ కొత్తరేవు అనే ఊళ్ళో గున్నయ్య, తవుడు, దాలయ్య అని ముగ్గురు అన్నదమ్ములు ఒకే కుండ కూడు తింటూ ఉండేవారు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలోనూ, ఏది దొరికినా మూడు వంతులు వేసుకోవడంలోనూ తమను మించినవాళ్ళు లేరని వాళ్ళ గట్టి నమ్మకం. పనసపండు కోస్తే తొనలే కాదు, గింజలు కూడా సమానంగా పంచుకునేవారు. "బుర్రంటే మాదేరా!" అని పెద్దవాడు గున్నయ్య మీసం దువ్వేవాడు. పాపం, ఆ బుర్రకేమీ కాలేదు గానీ కిడ్నీలు పాడయ్యాయి.

"భయం లేదు. మందులు సరిగ్గా వాడితే మెషీన్ దాకా వెళ్ళకుండా ఏళ్ళ తరబడి నెట్టుకురావచ్చు," అన్నాడు పట్నంలో డాక్టరు. మెషీన్ అంటే రక్తం కడిగేది. దాని మీద పడుకుని వచ్చేవాళ్ళను ఊళ్ళో చూశాడు కాబట్టి, ఆ మాట వినగానే గున్నయ్య గబుక్కున లేచి నిలబడ్డాడు.

"అయ్యా, మీరు సెప్పినదాన్లో ఒక్క ముక్క తప్పం," అని దండం పెట్టాడు.

ఇంకేముంది! ఉప్పు సగం చెయ్యమన్నాడని గున్నయ్య పెళ్ళాం గవరమ్మ రోజూ వేసే గుప్పెడు ఉప్పును పళ్ళెంలో పోసి, రవ్వ తేడా లేకుండా రెండు సగాలు చేసింది. ఒక సగం పప్పు ఉడుకుతుండగా వేసింది. రెండో సగం దించాక వేసింది. "ఇన్నాళ్ళూ ఎర్రిదాన్లాగ మొత్తం ఒకేసారి యేసేసేదాన్ని," అని నవ్వుకుంది.

ఇక బీపీ మాత్రలు. నెలకని ముప్పై ఇచ్చారు.

"అన్నయ్య ఒక్కడూ మింగుతుంటే మనం సూస్తా కూకోడమేటి?" అన్నాడు తవుడు. అంతే, రోజుకి తలా ఒకటి. పదిరోజుల్లో డబ్బా ఖాళీ. మిగతా ఇరవై రోజులూ గున్నయ్యకు మాత్రల్లేవు. అయినా వంతు తప్పలేదు కదా అని వాడికి ఎంతో తృప్తి!

ఏ జబ్బూ లేని తవుడు మాత్రం ఆ పదిరోజుల్లోనే కళ్ళు తిరిగి జీడిచెట్టు కింద దబ్బున పడ్డాడు. "సూసినావా, మందు బలే పనిసేస్తంది!" అని దాలయ్య మురిసిపోయాడు. పడ్డవాడి నడుం పట్టేసింది. నొప్పి మాత్రలు తెచ్చుకున్నాడు. వాటిలోనూ అన్నకు వంతు వచ్చింది.

"నొప్పి మాత్రలు కిడ్నీలను తినేస్తాయి, అసలు ఇంట్లోనే ఉండకూడదు అన్నాడు కదరా డాక్టరు?" అన్నాడు గున్నయ్య, అనుమానంగా.

"ఇంట్లో ఎందుకుంచుతాం?" అని దాలయ్య వాటిని పశువులశాల చూరులో దోపాడు. గున్నయ్య పూటపూటకీ శాలకు వెళ్ళి, గేదె పక్కన నిలబడి మింగి, మూతి తుడుచుకుని ఇంట్లోకి వచ్చేవాడు.

నెల తిరిగేసరికి వాడి కాళ్ళు వాచాయి, మొహం ఉబ్బింది, నాలుగడుగులకే ఆయాసం. "మందు ఒంటికి పట్టింది. ఒళ్ళు సేసినావు," అని తమ్ముళ్ళు సంబరపడ్డారు. ముగ్గురూ ఆ సంబరంతోనే డాక్టరు దగ్గరకు వెళ్ళారు.

రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు తల పట్టుకున్నాడు. "ఏం చేశారయ్యా? ఇక మందులతో ఆగదు. వారానికి మూడుసార్లు మెషీన్ ఎక్కాల్సిందే!"

గున్నయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఒక్క ముక్క తప్పలేదయ్యా!"

తవుడు వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నాడు. వాడి మొహం వెలిగిపోయింది. "ఏడవకన్నయ్యా. వారానికి మూడు. మనం ముగ్గురం. మేం లేమేటి?"

ఇలాంటి తమ్ముళ్ళు ఎవరికుంటారని గున్నయ్య ఇంకా ఏడ్చాడు.

సోమవారం ఆస్పత్రిలో మెషీన్ పక్క మంచం మీద గున్నయ్య పడుకున్నాడు. బుధవారం నర్సు సూది పట్టుకుని వచ్చేసరికి మంచం మీద తవుడు చొక్కా చెయ్యి పైకి మడిచి దర్జాగా పడుకుని ఉన్నాడు.

"ఎవరయ్యా నువ్వు? పేషెంటేడీ?"

గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని రొప్పుతున్న గున్నయ్య వాచిన చెయ్యి ఎత్తాడు.

"పేషెంటుని నేనేనమ్మా," అన్నాడు గర్వంగా. "ఈరోజు వంతు మా తమ్ముడిది."