కుడిగోడ

ఒక రైతు ఉండేవాడు. మంచివాడే, ఒళ్ళు దాచుకునే మనిషీ కాదు. కాకపోతే ఏ పని ముందో, ఏ పని తర్వాతో తేలందే అతని కాలు గడప దాటేది కాదు.

అందుకని పనికో చెక్కబిళ్ళ చేసుకున్నాడు. దున్నడానికి నాగలి బొమ్మ, విత్తడానికి గింజ బొమ్మ, కోతకి కొడవలి బొమ్మ. చెయ్యాల్సినవి ఎడమగోడకి తగిలించేవాడు, అయిపోయినవి కుడిగోడకి. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. ఊళ్ళోవాళ్ళు వచ్చి, మెచ్చుకుని, మజ్జిగ తాగి వెళ్ళేవారు. భార్యకి మాత్రం కుడిగోడ ఎప్పుడు చూసినా బోసిగానే కనిపించేది.

తొలకరి పడింది. నేల విత్తడానికి సరిగ్గా పదునైంది. ఆమె వేసవంతా పిల్లలకి అంబలి పోసి, తాను పస్తులుండి దాచిన జొన్న విత్తనాలు కుండలో ఉన్నాయి. అవి మట్టిలో పడితేనే ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి.

రైతు గోడ ముందు నిలబడ్డాడు. విత్తే ముందు నాగలి కర్రు కమ్మరి చేత సాగగొట్టించాలి, దానికో బిళ్ళ. ఎద్దుల పలుపులు మార్చాలి, దానికో బిళ్ళ. బిళ్ళలు ఎక్కువై మేకులు చాల్లేదు. మేకులు కొట్టే పనికీ ఒక బిళ్ళ చేశాడు.

"ఏమయ్యా, పదునారిపోతోంది. ముందు నాగలి కట్టు," అంది భార్య.

"వరుస తేలనీవే. అది తేలితే పనెంతసేపు?" అన్నాడతను.

ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆడది నాగలి పడితే వాన మొహం చాటేస్తుందని ఆ ఊరి నమ్మకం, కాబట్టి తాను చేలోకి దిగడానికి లేదు. ఇరుగుపొరుగుని బతిమాలింది. ఎవరి చేలో వాళ్ళు తలమునకలుగా ఉన్నారు. అతను ఇంకా బిళ్ళలు మారుస్తూనే ఉన్నాడు.

ఎండలు కాశాయి. జొన్న విత్తే అదను దాటిపోయింది. ఆమె చేలోకి వెళ్ళి మట్టి పిడికిట పట్టి చూస్తే పొడిపొడిగా రాలిపోయింది. వాన తన పని తాను చేసి వెళ్ళింది, తిట్టడానికి దేవుడు కూడా దొరకలేదు.

ఆమె ఇంటికొచ్చి, గింజ బొమ్మ ఉన్న బిళ్ళ తీసి కుడిగోడకి తగిలించింది. రైతు చూశాడు. ఎవరు విత్తారని అడగలేదు. అతని మొహం మాత్రం తేటపడింది.

ఆమె విత్తనాల కుండ దించింది. గింజలన్నీ దంచి సంకటి వండి, ముందు పిల్లలకి పెట్టింది, తర్వాత అతనికి. చాన్నాళ్ళకి అతను కడుపారా తిన్నాడు.

"చూశావా, వరుసలో పెట్టుకుంటే పని దానంతటదే అవుతుంది," అన్నాడు.

ఆమె ఇంకో ముద్ద వేసింది.