వరుసలో నిలబడని చిలుక

రండి, దగ్గరకు జరగండి. ఆ మూలకు వినబడదు, చాప మీదికి రండి. కాళ్లు మడుచుకున్నారా? ఇక వినండి.

అనగనగా రత్నకేతుడని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పక్క దేశపు రాజకుమార్తె చంద్రవంకను జటాఘోరుడనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. విడిపించుకొస్తానని పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. వాడి కోసం రెండోవాడు వెళ్లాడు, వాడూ రాలేదు. చివరికి మూడోవాడు సోమకేతుడు బయలుదేరాడు. దారిలో ఇసుక మీద వెల్లకిలా పడి కొట్టుకుంటున్న తాబేలును తిప్పి నిలబెట్టాడు. అది అతణ్ని వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

అక్కడ మాంత్రికుడి పెరట్లో పందిరికి ఒక సొరకాయ, నేల మీద ఒక గుమ్మడికాయ. సోమకేతుణ్ని చూడగానే రెండూ "తమ్ముడూ" అని మూలిగాయి. వాళ్లే అన్నలు. సాయంత్రం పులుసులోకి తరుగుతారట.

వంటింటి కిటికీలోంచి చంద్రవంక, మాంత్రికుడి ప్రాణం అతని చిలుకల్లో ఒకదానిలో ఉందని చెప్పింది. ఏ చిలుకలోనో ఆమెకూ తెలియదు. చిలుకలేమో రెండువేల అయిదువందల ఇరవై ఒకటి.

ఇంతలో మాంత్రికుడు గడ్డం దువ్వుకుంటూ వచ్చి పందెం చెప్పాడు. రెండేసి మొదలు పదేసి దాకా నచ్చిన లెక్కన చిలుకలను వరుసలు కట్టాలి. ఒక్కటీ మిగలకూడదు. మూడుసార్లు కట్టి చూడొచ్చు. గెలిస్తే పిల్లను తీసుకుపోవచ్చు.

"ఓడితే నువ్వు వంకాయవు. పులుసులోకి అదొక్కటే తక్కువైంది" అన్నాడు.

పెద్దన్న రెండేసి, మూడేసి, నాలుగేసి కట్టి చూశాడట. ప్రతిసారీ ఒకటి మిగిలిందట. చిన్నన్న అయిదేసి, ఆరేసి, ఏడేసి కట్టాడట. అప్పుడూ ఒకటే. సోమకేతుడు ఎనిమిదేసి కట్టాడు. ఒకటి మిగిలింది. తొమ్మిదేసి కట్టాడు. ఒకటి. చెమట తుడుచుకుని పదేసి కట్టాడు. మళ్లీ ఒకటి.

మాంత్రికుడు కర్ర ఎత్తాడు. సోమకేతుడి ముక్కు అప్పుడే ఊదారంగుకు తిరుగుతోంది. అతని వెంటే వచ్చిన తాబేలు మెల్లగా మెడ బయటపెట్టింది.

"బాబూ, ఎన్ని మిగిలాయో చూస్తున్నావు గానీ, ఏది మిగిలిందో చూశావా?"

చూశాడు. మూడుసార్లూ అదే చిలుక! మిగతావి తోసుకుంటూ వరుసల్లో దూరుతుంటే అది తల ఎగరేసి ఎడంగా నిలబడింది. మాంత్రికుడి ప్రాణం కదా, దానికీ ఆ పొగరే. ఒకరి వెనక నిలబడడం దాని ఒంటికి పడదు. లెక్కా అలాంటిదే. అదొక్కటీ తీసేస్తే రెండువేల అయిదువందల ఇరవై, ఒకటి నుంచి పది దాకా దేనితో భాగించినా ఏమీ మిగలదు. ఎవరికీ లొంగకూడదని మాంత్రికుడు ఆ ఒకటి ఏరికోరి కలిపాడు. ఆ మిగిలేది తన ప్రాణమే అవుతుందని మాత్రం తోచలేదు.

సోమకేతుడు దాన్ని చటుక్కున పట్టుకున్నాడు. "ఇప్పుడు సరిపోయాయా, మామా?"

"కాస్త మెల్లగా పట్టుకో నాయనా, నా మెడ" అన్నాడు మాంత్రికుడు.

సోమకేతుడు ముందు అతని చేతే అన్నలను మళ్లీ మనుషులను చేయించాడు. తర్వాత చిలుక మెడ విరవలేదు, పాపం. తీసుకెళ్లి ఆఖరి వరుసకు ఆఖరున నిలబెట్టాడు, అంతే. నేనా, వీళ్ల వెనకా అంటూ అది ఉబ్బి ఉబ్బి టప్పున పేలింది. ఆ వెంటనే మాంత్రికుడూ పేలాడు.

పెళ్లిలో బంతికి పదేసి మందిని కూర్చోబెడితే చివరికి తాబేలు ఒక్కటే మిగిలింది. పెళ్లికొడుకు తన విస్తరి పట్టుకెళ్లి దాని పక్కన కూర్చున్నాడు. అలాంటివాడు గనకే చంద్రవంకతో కలిసి చిరకాలం చల్లగా ఏలాడు. పెద్దన్న మాత్రం బతికినన్నాళ్లూ సొరకాయ ముట్టలేదు.

సరే, లేవండి. ఇళ్లకెళ్లి అన్నాలు తినండి. వంకాయ కూరైతే ముందు ఒకసారి పిలిచి చూడండి. పలక్కపోతే తినేయండి.