తాడు వదులుతుందా?

అనగా అనగా, సముద్రం ఇంకా ఇంత ముందుకు రాని రోజుల్లో, ఏరు సముద్రంలో కలిసే చోట గవ్వలమొగ అని ఒక పల్లె ఉండేది. ఎన్నేళ్ళ కిందట అంటే చెప్పగలవాళ్ళు లేరు. అప్పటి ఇళ్ళు ఇప్పుడు నీళ్ళ కింద ఉన్నాయి. మాట మాత్రం ఒడ్డున మిగిలింది.

ఆ పల్లెలో మసేనమ్మ అని ఒకామె ఉండేది. ఆమెకు పొలం లేదు, పడవ లేదు, మొగుడు లేడు. పొలం ఆ పల్లెలో ఎవరికీ లేదు. పడవ ఆడదానికి ఉండకూడదు. మొగుడు ఉండేవాడే, కానీ పెళ్ళయిన మూడో ఏడు ఆవలి రేవులో ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. వదిలేసినవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. అతను ఎప్పుడైనా ఇటు వస్తే పక్కన కూర్చోబెట్టుకుని చుట్ట ఇచ్చారు. మసేనమ్మకు మాత్రం వదులమ్మ అని పేరు పెట్టారు. మొగుడు వదిలేశాడు కనుక వదులమ్మ. పేర్లు పెట్టడంలో ఆ ఊరు చాలా చురుకు.

ఆమె పుట్టింటికి వచ్చేసింది. తండ్రి పోలయ్య పడవలు బాగుచేసే మనిషి. తాళ్ళు పేనేవాడు, తెరచాపలు కుట్టేవాడు. అప్పటికే ఆయన కళ్ళకు పొర కమ్మింది. ఆయన నోటితో చెప్పేవాడు, ఆమె చేత్తో చేసేది. కొన్నాళ్ళకు ఆయన చెప్పడం మానేశాడు. చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

పలకల సందుల్లో కొబ్బరిపీచు కూరి గుగ్గిలం పొయ్యడం ఆమెకు వచ్చు. తుమ్మబెరడు కషాయంలో తెరచాపను ముంచి, ఉప్పుగాలికి చివకకుండా చెయ్యడం వచ్చు. సముద్రంలో తడిసిన తాడును మంచినీళ్ళలో జాడించి నీడన ఆరేసేది. ఎండలో ఆరేస్తే తాడు పెళుసెక్కుతుందని ఆమె లెక్క. బిగుసుకున్న ముళ్ళు విప్పడానికి ఆమె దగ్గర ఒక జింకకొమ్ము ముక్క ఉండేది. దాన్ని ఎప్పుడూ కొప్పులో గుచ్చుకుని తిరిగేది. పూలు పెట్టుకోవలసిన చోట కొమ్ము పెట్టుకుందని అదో నవ్వు ఊరికి.

ఆమె పనిచేసిన పడవ ఒడ్డు దాటే ముందు మూడు మాటలు అడిగేది.

"అడుగు ఆరిందా? చుక్కాని ఆడుతోందా? తాడు వదులుతుందా?"

అడుగు ఆరకపోతే ఎక్కడ నీరు ఊరుతోందో తెలియదు. చుక్కాని ఆడకపోతే పడవ మాట వినదు. మూడోది తెరచాపను లాగిపట్టే తాడు. గాలి విసురుగా వచ్చినప్పుడు ఆ తాడు వదిలితే చాప గాలిని విడిచేస్తుంది, పడవ నిలబడుతుంది. వదలకపోతే గాలి చాపను పట్టుకుని పడవను బోర్లా తోసేస్తుంది.

మూడో మాట వినగానే రేవులో నవ్వులు.

"నీ దగ్గర అన్నీ వదులే కదే, తాడెందుకు వదలదు?" అనేవాడు ఒకడు.

"నోరు వదులైనా పడవ మునగదులే మావా. తాడు బిగిస్తేనే మునుగుద్ది," అనేది మసేనమ్మ, చేతిలో పని ఆపకుండా.

ఆమెకు ఒక తమ్ముడు, గంగులు. వాణ్ణి కని తల్లి కన్నుమూసింది. అక్కను వాళ్ళు అప్ప అంటారు. గంగులు నోట మొదట వచ్చిన మాట అమ్మ కాదు, అప్ప. వాడికి ఈత ఆమే నేర్పింది, గాలి చూడటం ఆమే నేర్పింది. "తాడు వదులు, పడవ వదలకు. ఎంత పెద్ద నీళ్ళయినా ఇంతేరా," అని చెప్పి చెప్పి పెంచింది. పడవ తిరగబడినా దాన్ని పట్టుకుని ఉన్నవాడు బతుకుతాడు, ఒడ్డు దగ్గరే కదా అని ఈదబోయినవాడు పోతాడు. లోకంలో ఆమెకు పోగొట్టుకోవడానికి ఉన్నది వాడొక్కడే.

గవ్వలమొగలో ఏటా గంగమ్మ జాతరకు పడవల పందెం. పందెం పడవలు వేటపడవల్లా ఉండవు. సన్నగా, తేలిగ్గా, మనిషి మీద పెద్ద తలపాగా పెట్టినట్టు పెద్ద చాపతో ఉంటాయి. పడవకు ముగ్గురు. ఒకడు చుక్కాని దగ్గర, ఒకడు చాప తాడు దగ్గర. మూడోవాడు బల్ల మీద. ఆ బల్ల పడవ పక్కకు బయటికి చాచి ఉంటుంది. గాలి పడవను ఒకవైపు వాల్చుతుంటే వాడు రెండోవైపు దాని మీద కూర్చుని బరువై నిలబెడతాడు. దూరంగా ఇసకదిబ్బ దగ్గర పాతిన వెదురుగడను మూడుసార్లు చుట్టి రావాలి. గెలిచినవాళ్ళకు ఏడాది పొడుగునా మొగలో మొదటి వల. అంటే చేపలు తెగ పడే చోట అందరికంటే ముందు వల వేసే హక్కు.

పోలయ్య చివరగా కట్టిన పడవ గంగులుది. చుక్కాని గంగులు పట్టాడు, తాడు నరిసింగు, బల్ల సోములు.

మొదటి ఏడు నరిసింగు తాడును చేత్తోనే పట్టుకున్నాడు. మసేనమ్మ అలాగే చెప్పింది. రెండు చుట్లు బాగానే సాగాయి. మూడో చుట్టులో అరచేతులు కోసుకుపోయి పట్టు జారింది. కులపెద్ద దాసయ్య కొడుకు పడవ గెలిచింది.

"అప్ప చెప్పినట్టు ఆడితే అంతే మరి," అన్నారు రేవులో.

రెండో ఏటికి మసేనమ్మ ఆలోచించింది. చెయ్యి అలుస్తుంది, నిజమే. తాడును కట్టుకోవచ్చు. కానీ ఎలా కట్టాలి? కొసను మడిచి, ఆ మడతను దూర్చి ఒక ముడి వేసింది. ఎంత బరువైనా ఆపుతుంది. కొసను ఒక్కసారి లాగితే టప్‌మని ఊడిపోతుంది. దాన్ని వాళ్ళకు మూడుసార్లు చూపించింది. ఆ ఏడు గంగులు పడవ ముందుంది. మూడో చుట్టులో సోములు బల్ల ఇటునుంచి అటు మారుస్తుంటే వాడి మడమ కొసకు తగిలింది. ముడి ఊడింది, చాప రెపరెపలాడింది. పడవ పొడవంత తేడాతో ఓడిపోయారు.

ఆ ఏడంతా గంగులును ఊరు వదల్లేదు. "ఒరే గంగులూ, మీ అప్ప ముడి కూడా మీ అప్పలాంటిదేరా. ఎవడో ఒకడు తగిలితే చాలు," అన్నాడు దాసయ్య కొడుకు, నలుగురిలో. గంగులు ఇంటికొచ్చి అన్నం దగ్గర అప్ప మొహం చూడలేదు.

మూడో ఏడు వచ్చింది. దక్షిణపు గాలి నిలకడగా వీస్తోంది. మూడు పడవలు ఒడ్డున నిలబడ్డాయి. దాసయ్య కొడుకుదొకటి, ఆవలి రేవుదొకటి, గంగులుదొకటి. వాటికి పసుపు రాసి బొట్లు పెట్టారు. బొట్టు పెట్టాక పందెం పడవను ఆడది తాకకూడదు. ఏడాదంతా దాని అడుగు గీకినా, తాడు పేనినా, చాప కుట్టినా, ఆ పూట మాత్రం వలలు ఆరేసే గుంజల వెనక నిలబడాలి.

మసేనమ్మ గుంజల వెనకనుంచే అడిగింది.

"అడుగు ఆరిందా?"

"ఆరిందప్పా."

"చుక్కాని ఆడుతోందా?"

"ఆడుతోందప్పా." గంగులు చుక్కాని ఇటూ అటూ ఆడించి చూపించాడు.

"తాడు వదులుతుందా?"

గంగులు తలమీద తుండు తీసి ముడి మీద పడేశాడు. "వదులుతుందప్పా," అన్నాడు.

వాడు చిన్నప్పుడు బెల్లం దొంగిలించి గుప్పెట వీపు వెనక దాచుకునేవాడు. ఇప్పుడు తుండు అలాగే పడింది. కొస లాగితే ఊడే ముడి కాదు, బిగిముడి వేశాడని మసేనమ్మకు అర్థమైంది. గుంజలు దాటి ఒక అడుగు వేసింది.

దాసయ్య కర్ర అడ్డం పెట్టాడు. "ఎక్కడికే? మొగుడొదిలేసిన చెయ్యి పడితే పడవ మునుగుద్ది."

"ఒక్కసారి లాగి చూసొచ్చేస్తాను పెద్దయ్యా."

"ఆగు."

ఆమె ఆగింది.

ఆ తర్వాత బతికినంతకాలం ఆమె ఆ ఆగిన అడుగునే తలుచుకుంది. కర్ర ఎంత లావుందని? కర్ర పట్టిన ముసలాయనలో ఎంత బలముందని? చిన్నప్పటినుంచి ఆగు అన్నచోట ఆగడం కాళ్ళకు అలవాటైపోయింది. అంతే.

పడవలు కదిలాయి. మొదటి చుట్టు గంగులుది ముందు. రెండో చుట్టు గంగులుది ముందు. మూడో చుట్టులో గడ తిరిగేసరికి పడమట మబ్బు నల్లగా లేచింది. దక్షిణపు గాలి ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత ఈదురుగాలి ఏటి మీద నీళ్ళను చెక్కుకుంటూ వచ్చింది.

ఆవలి రేవువాళ్ళు తాడును చేత్తో పట్టుకున్నవాళ్ళు. వదిలేశారు, నిలబడ్డారు. దాసయ్య కొడుకు తాడు బిగించి కట్టినవాడే. వాడి తెరచాప కొయ్య విరిగి చాపతో సహా నీళ్ళలో పడింది. పడవ బతికింది. వాణ్ణి కాపాడింది తెలివి కాదు, పుచ్చిన కొయ్య. గంగులు పడవ కొయ్య మసేనమ్మ ఏరి పెట్టిన కొయ్య. అది విరగలేదు.

ఒడ్డునుంచి వేటపడవలు వెళ్ళేసరికి నరిసింగు, సోములు బోర్లాపడ్డ పడవను కరుచుకుని ఉన్నారు. గంగులు చాప కింద ఉన్నాడు.

పడవతో సహా ఒడ్డుకు తెచ్చాక సోములు చెప్పాడు. "ముడి తడిసి రాయైపోయిందప్పా. మేము పడవను పట్టుకున్నాం. ఆడు ముడి దగ్గరే ఉండిపోయాడు. చేతి ఏళ్ళతో లాగాడు, పళ్ళతో కొరికాడు. 'వదులు, వదులు' అని తాడును బతిమాలాడు. అంతలో చాప మీద పడిపోయింది."

గంగులు గుప్పెటలో తాడు అలాగే ఉంది. ప్రాణం పోయినా చెయ్యి వదల్లేదు.

ఎవరో కత్తి తెచ్చారు.

"కొయ్యకండి," అంది మసేనమ్మ.

కొప్పులోంచి జింకకొమ్ము తీసింది. తమ్ముడి పక్కన కూర్చుంది. పొద్దున్న మొదలైన పందెం అది. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆ ముడిని పోగు పోగు విప్పింది. ఏడవలేదు. ఆమె ముడి విప్పుతున్నంతసేపూ ఊరంతా నిలబడింది. ముడి ఊడాక, ఒక్కొక్క వేలూ తెరిచి తాడు తీసుకుంది. అప్పుడు ఏడ్చింది.

తాడును మంచినీళ్ళలో జాడించింది. నీడన ఆరేసింది. చుట్టచుట్టి దాచింది.

మరుసటి ఏడు పందెం వచ్చింది. పడవలకు బొట్లు పెట్టారు. మసేనమ్మ గుంజల వెనక నిలబడలేదు. ఆ తాడు తెచ్చి పడవల ముందు ఇసకలో ఈ చివరనుంచి ఆ చివరికి పరిచింది. దాని ముందు నిలబడింది.

"దాటాలంటే మూడూ చూపించి దాటండి," అంది.

దాసయ్య కర్ర ఎత్తాడు. "నీ చెయ్యి పడితే పడవ మునుగుద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు పెద్దయ్యా. పోయినేడు నా చెయ్యి పడలేదు కదా. మరి ఎందుకు మునిగింది?"

దాసయ్య కర్ర కిందికి దిగింది.

మసేనమ్మ సోములు వైపు తిరిగింది. వాడు ఆ ఏడు ఇంకో పడవ మీద ఉన్నాడు. "అడుగు ఆరిందా?"

"ఆరిందప్పా."

"చుక్కాని ఆడుతోందా?"

"ఆడుతోందప్పా."

"తాడు వదులుతుందా?"

సోములు నోరు తెరిచాడు, మూసుకున్నాడు. వంగి కొసను లాగాడు. టప్‌మంది. ముడి ఊడింది, చాప రెపరెపలాడింది. మసేనమ్మ పక్కకు జరిగి వాడికి దారిచ్చింది. తర్వాతి పడవ దగ్గరికి వెళ్ళింది. ఒక్కొక్కదాని తాడు మీదా ఆ చెయ్యి పడింది. ఒక్కటీ మునగలేదు.

అలా ఎన్నేళ్ళో గడిచాయి. ఆమె జుట్టు తెల్లబడింది, కొమ్ము అరిగిపోయింది. వదులమ్మ అని వెక్కిరించిన పేరు అలాగే ఉంది కానీ అందులో వెక్కిరింత ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేరు. నీళ్ళ మీద గాలి విసిరితే మగవాళ్ళు "వదులమ్మా" అని అరిచి ముడి కొస లాగడం నేర్చుకున్నారు. ఒకరోజు సగం కుట్టిన చాప మీద తల వాల్చి ఆమె పోయింది.

ఆ ఏడు పందెం రోజున పడవలు ఒడ్డున నిలబడ్డాయి. బొట్లు పెట్టారు. గాలి బాగుంది. ఒక్క పడవా కదల్లేదు. అందరూ ఏదో వినపడాలన్నట్టు నిలబడిపోయారు. అప్పుడు గుంజల వెనకనుంచి ఆడవాళ్ళు ముందుకొచ్చారు. ఒకరు కాదు, అందరూ. పాత తాడు ఇసకలో పరిచారు. మూడు మాటలూ అడిగారు. ఎవరూ కర్ర అడ్డం పెట్టలేదు.

పల్లె జరిగి జరిగి ఇప్పుడు చాలా లోపలికి వచ్చింది. తాడు చివికిపోతే కొత్త తాడు పేనుతారు, పాతదాని పోగులు కొన్ని కలిపి. పందెం నాడు ఇవాళ్టికీ ఆడవాళ్ళే అడుగుతారు. మొగుళ్ళు వదిలేసినవాళ్ళుంటే వాళ్ళు ముందు వరసలో నిలబడతారు. అడుగు ఆరిందా అంటే ఆరిందంటారు. చుక్కాని ఆడుతోందా అంటే ఆడుతోందంటారు. మూడో మాటకు మాత్రం నోటితో జవాబు చెప్పకూడదు. ఎంత దగ్గరివాడైనా సరే, తమ్ముడైనా సరే, వంగి లాగి చూపించాలి.

ముడి ఊడిన చప్పుడు వినిపించాకే ఆడవాళ్ళు దారిస్తారు.